ఇతరులు వద్దనుకున్నవాటితో ఇల్లు సర్దుకోవడం: ఏది తెచ్చుకోవాలి, ఏది వదిలేయాలి

మీరు రాసినదాని సారాంశం ఇది. అంబాజీపేట దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో కొత్తగా ఉద్యోగంలో చేరారు, పెరడున్న పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నారు, జీతం తక్కువ. ఇంటికీ పెరటికీ కావలసినవి వీలైనంతవరకు ఇతరులు పారేసేవాటితోనే సమకూర్చుకోవాలని మీ ఉద్దేశం. ఏవి తెచ్చుకోవచ్చు, ఏవి తేకూడదు, ఎప్పుడు ఎక్కడ దొరుకుతాయి, నలుగురిలో చులకన కాకుండా ఎలా అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. ఇల్లు పాత సామాన్ల కొట్టు అయిపోతుందని మీ శ్రీమతి భయపడుతున్నారని కూడా రాశారు. ఆవిడ భయం న్యాయమైనదే. మా ఇంట్లో అది మొదటి నాలుగేళ్ళు నిజంగానే జరిగింది కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

అమలాపురం చుట్టుపక్కల ముప్పై ఏళ్ళకు పైగా ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నాను, దానితో పాటు పాత ఇళ్ళు విప్పించే పనీ చేశాను. ఈ అనుభవంలో నాకు తెలిసినది ఒక్కటే. తేరగా వచ్చిన వస్తువుకు ఖరీదు లేదనుకోవడం పొరపాటు. ఆ ఖరీదును మనం డబ్బుగా కాక ఒళ్ళు వంచి చెల్లిస్తాము. మోసుకురావాలి, కడగాలి, మేకులు పీకాలి, ఎండబెట్టాలి, వాడేదాకా ఎక్కడో దాచాలి. ఈ శ్రమ కొత్త వస్తువు ధరను మించిపోతే ఆ వస్తువు ఉచితంగా వచ్చినా నష్టమే. కాబట్టి దేన్నయినా చూడగానే ‘ఇది ఎంతకు వస్తుంది’ అని కాకుండా ‘దీన్ని వాడకంలోకి తేవడానికి ఎన్ని పూటలు పడుతుంది’ అని లెక్క వేసుకోండి.

ఇటుకల సంగతి చెబితే ఈ లెక్క బాగా అర్థమవుతుంది. మన కోనసీమలో పాత మండువా లోగిళ్ళను గానుగ సున్నంతో గాని, ఇంకా పాతవైతే ఒట్టి మట్టితో గాని కట్టారు. అలాంటి గోడ విప్పినప్పుడు ఇటుకను ఎడమచేతిలో నిలువుగా పట్టుకుని, తాపీ అంచుతో పక్కనుంచి ఒక దెబ్బ వేస్తే సున్నం పెళ్ళగా ఊడి కింద పడుతుంది, ఇటుక మాత్రం దెబ్బ తినదు. అలవాటైన మనిషి ఒక పూటలో నూట యాభై ఇటుకలు తేలికగా శుభ్రం చేయగలడు. అదే గత నలభై ఏళ్ళలో సిమెంటుతో కట్టిన గోడ అయితే సిమెంటు ఇటుకను వదలదు, గట్టిగా కొడితే ఇటుకే రెండు ముక్కలవుతుంది. పగలంతా కొట్టినా చివరికి చేతికి వచ్చేది ముక్కల గుట్ట. అందుచేత ఎవరైనా ఇటుకలు తీసుకువెళ్ళమంటే నేను ముందుగా చూసేది ఇటుకను కాదు, దానికి అంటుకున్న పదార్థాన్ని. సిమెంటు అంటిన ఇటుకలను గుంతలు పూడ్చడానికి తప్ప తేవద్దు.

ఇటుక నాణ్యత తెలుసుకోవడం కష్టం కాదు. రెండింటిని ఒకదానితో ఒకటి తాటిస్తే కంగుమనాలి, డబ్‌మంటే సరిగా కాలలేదన్నమాట. ఇంకా అనుమానముంటే పొడి ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. పెరిగిన బరువు మొదటి బరువులో 20 శాతం దాటకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాముల లోపే ఉండాలి. సముద్రం వైపు ఊళ్ళలో గోడల కింది వరసల ఇటుకలకు తెల్లగా ఉప్పు పూస్తుంది. వాటిని మళ్ళీ గోడలో పెడితే పైన ఎంత మంచి పూత పూసినా పెచ్చులు రాలిపోతుంది కాబట్టి పెరట్లో నడవడానికి దారి పరుచుకోండి.

కలప విషయంలోనూ ఇదే పద్ధతి. అడవుల నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీద దించిన టేకు దుంగలతో చేసిన తలుపులూ దూలాలూ మన పాత ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అలాంటి కలప ఇప్పుడు కొత్తగా కొనగలిగేవారు తక్కువ. అయితే ద్వారబంధం మొత్తం బాగుంటుందని అనుకోకండి. గడప, నిలువు కమ్మీల కింది జానెడు భాగం వానకూ కడుగుడుకూ తడిసి చివికిపోయి ఉంటుంది. సన్నటి ఉలితో పొడిచి చూసి, ఉలి దిగినంతమేర కోసి పారేయండి. మట్టి చారలుంటే చెద, కింద సన్నటి పిండి రాలుతుంటే పుచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ ముక్కను ఇంటి గుమ్మం దాటనివ్వకండి. నేనొకసారి మంచి పనితనం చూసి మోసపోయి, పుచ్చు పట్టిన అల్మారా తలుపు తెచ్చి గదిలో పెట్టాను. రెండేళ్ళలో అది మా అమ్మగారి భోషాణానికి పాకింది. వడ్రంగి దగ్గరకు పంపేముందు అయస్కాంతం ముక్కతో కలపంతా ఒకసారి తడమండి. లోపల విరిగిపోయిన మేకు ఒక్కటి మిగిలినా చిత్రిక బ్లేడు పాడవుతుంది, ఆ వడ్రంగి మళ్ళీ మీ పని ఒప్పుకోడు.

పాత రంగు ఉన్న కలపను గీకేటప్పుడు తడిపి గీకండి, ఆ పొట్టును పొయ్యిలో వేయకండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము మంచిది కాదు. ఇదే జాగ్రత్త పాత సిమెంటు రేకులకూ చెప్పాలి. వాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రంపంతో కోసినా, పగలగొట్టినా ఆ నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కోళ్ళగూడుకు పనికొస్తాయని చాలామంది ఇస్తామంటారు, మర్యాదగా వద్దనండి.

ఎప్పుడు దొరుకుతాయన్న ప్రశ్నకు సమాధానం మన పంటల క్యాలెండరులోనే ఉంది. పాత ఇళ్ళను ఎక్కువగా దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, వానలు పడేలోపు విప్పుతారు. ఇంటివారు సామానంతా గంపగుత్తగా ఒకరికి మాట్లాడేస్తారు కాబట్టి, బేరం కుదరకముందే వెళ్ళి ‘ఆ రెండు కిటికీలు, వంద ఇటుకలు నాకు కావాలండీ’ అని అడగాలి. బేరం కుదిరాక అవి ఇంటివారి చేతిలో ఉండవు, గుత్త పట్టినవాడు ఊరికే ఇవ్వడు.

మరొక అదను భోగి. పండగకు వారం ముందు నుంచీ అటకలూ గొడ్లచావిళ్ళూ ఖాళీ చేసి, విరిగిన కుర్చీలూ కోళ్ళూడిన మంచాలూ వీధిలోకి తెస్తారు. ఒక ఏడాది మా వీధి కుర్రాళ్ళు పేర్చిన భోగి మంటలో పందిరిమంచం కోళ్ళు నాలుగు కనబడ్డాయి. పైన ధూళి పట్టి నల్లగా ఉన్నాయి గాని, గోటితో గీరితే లోపల టేకు పసుపు రంగు మెరిసింది. కుర్రాళ్ళకు కావలసినది మంట, టేకు కాదు. మా పెరట్లోని రెండు మోపుల ఎండు కొబ్బరి మట్టలూ ఒక తాటి మొద్దూ ఇచ్చి ఆ కోళ్ళు తీసుకున్నాను. మట్టలు ఇంకా బాగా మండాయని వాళ్ళూ సంతోషించారు. ఆ కోళ్ళ మీద నిలిపిన అలమరలోనే ఇవాళ్టికీ మా ఇంట్లో పచ్చళ్ళ జాడీలున్నాయి.

మీరున్నది కొబ్బరి సీమ నడిబొడ్డు కాబట్టి పెరటి గురించి కాస్త వివరంగా చెబుతాను. కాయ వలిచే చోట డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, గుట్టలుగా పడి ఉంటాయి. పీచు మిల్లులు కొంటున్న చోట వాటికి ధర ఉంటుంది, మిల్లు దూరమైన ఊళ్ళలో వాటిని గట్టున పడేసి తగలబెడతారు. రెండో రకం చోట్లలో అడగండి. డొక్కలను కొబ్బరిచెట్టు మొదలుకు సుమారు 3 మీటర్ల ఎడంగా కందకం తీసి, బోలు వైపు పైకి ఉండేలా వరసలుగా పేర్చి మట్టి కప్పితే, అవి వాన నీటిని పట్టి ఉంచి వేసవిలో చెట్టుకు అందిస్తాయి. ఒకసారి పూడిస్తే ఐదు నుంచి ఏడేళ్ళు పనిచేస్తాయి. నేలమీద పరిచేటట్లయితే మాత్రం బోర్లించాలి. వెల్లకిలా వదిలేస్తే ప్రతి డొక్కా దోమలకు తొట్టి అవుతుంది.

పీచు తీశాక మిగిలే కొబ్బరి పొట్టు ఇంకా చవక, అయితే దాని పని కొంచెం ఎక్కువ. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, త్వరగా కుళ్ళని లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ. దాన్ని నేరుగా కుండీలో పోస్తే మొక్కలు పసుపు రంగుకు తిరిగి ఎదుగుదల ఆగిపోతుంది, ఎందుకంటే పొట్టు కుళ్ళేటప్పుడు మట్టిలోని నత్రజనిని అదే తినేస్తుంది. గోనెసంచిలో కట్టి రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి, తర్వాత పేడనీళ్ళు చల్లుతూ కొన్ని నెలలు కుప్పలో మాగనివ్వాలి. కడియం నర్సరీలకు వెళితే మాగిన పొట్టులో పెరిగే మొక్కల వేళ్ళు ఎంత ఒత్తుగా ఉంటాయో చూడవచ్చు.

ఎరువుకు ఇంకొక ముడిసరుకు గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క మన కాలువల్లో పేరుకుపోతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ మనల్ని పోషిస్తున్న కాలువలు ఇప్పుడు దీన్నీ పోషిస్తున్నాయి. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీసేటప్పుడు దీన్ని గట్టు మీద గుట్టలు పోస్తారు. ఆ రోజే సైకిలు వేసుకుని వెళ్ళకండి. ఇందులో ఇంచుమించు 95 శాతం నీరే, వంద కిలోలు మోస్తే ఐదు కిలోల సరుకు వస్తుంది. నాలుగు రోజులు ఎండలో వాడనిచ్చి వెళితే ఒక్క మోపుతో పని అయిపోతుంది. పూత వచ్చిన వాటిని వదిలేయండి, గింజలు ఏళ్ళ తరబడి బతుకుతాయి. మురుగు కాలువల్లోనూ, రొయ్యల చెరువుల నీరు వదిలే బోదెల్లోనూ పెరిగినదాన్ని కూరగాయల మడికి తేవద్దు. ఈ మొక్క నీటిలోని లోహాలను పీల్చుకుని దాచుకుంటుంది. వాడిపోయిన డెక్క ఒక పొర, వరిగడ్డి ఒక పొర, పైన పేడనీళ్ళు, ఇలా నడుమెత్తు పేర్చి, నెలకొకసారి తిరగేస్తే మూడు నెలల్లో నల్లటి ఎరువు అవుతుంది. పేడ కొనవలసిన పని లేదు. మీ ఇంటి కడుగునీళ్ళూ కూరగాయల తొక్కలూ పాడి ఉన్న ఇంటివారి కుడితి గోలెంలో రోజూ పోయండి, వారంలో ఒక తట్ట పేడ వాళ్ళే ఇస్తారు.

బియ్యం మిల్లుల దగ్గర దొరికే ఊక బూడిద గురించి కూడా అడిగేవారుంటారు. వంద కిలోల ధాన్యం నుంచి సుమారు 20 కిలోల ఊక, దాన్ని కాలిస్తే 4 కిలోల బూడిద వస్తుంది. అందులో 85 నుంచి 90 శాతం సిలికా. అందుకే అంట్ల గిన్నెల మసిని అంత బాగా వదిలిస్తుంది, అందుకే నునుపు గిన్నెలను గీతలు పెడుతుంది కూడా. జల్లించి ఇనుప, సత్తు గిన్నెలకు వాడుకోండి, జల్లించేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకోండి. ఎరువుగా దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

ఇక సంచులు, డ్రమ్ముల విషయంలో నా పొరపాటు చెబుతాను. భీమవరం వైపు నుంచి ఒక ట్రాలీ మనిషి నీలం రంగు డ్రమ్ము ఒకటి చాలా తక్కువకు ఇచ్చాడు. అందులో ముందు ఏముండేదని అడిగితే ‘చెరువుల మందేనండీ, కడిగేస్తే పోద్ది’ అన్నాడు. సబ్బుతో, చింతపండుతో, వేడినీళ్ళతో వారం రోజులు కడిగాను. వాసన పోయిందనుకుని మొక్కల నీళ్ళకు నింపాను. మే నెల ఎండకు డ్రమ్ము కాగిన మూడో రోజు అదే వాసన నీళ్ళలోకి తిరిగి వచ్చింది, పోసిన బంతి మొక్కలు తలలు వాల్చేశాయి. ప్లాస్టిక్కు మందును పైపైన కాదు, తన ఒంట్లోకి పీల్చుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆ డ్రమ్ము చివరికి శ్లాబు తడపడానికి నీళ్ళు పట్టే పనికి పోయింది. ముందు ఏముందో తెలియని డ్రమ్మూ, మందుల డబ్బా, మందు పట్టించిన విత్తనాల సంచీ ఎంత చవకైనా తేవద్దు. తినుబండారాల తయారీవారి దగ్గర మిగిలే 15 కిలోల నూనె డబ్బాలు మాత్రం బంగారం. మూత కోసి, అంచు మడతపెట్టి కొట్టించుకుంటే పప్పులకు ఎలుక కొరకని డబ్బా అవుతుంది.

రొయ్యల మేత సంచులు గట్టివే, కడిగితే నీచు వాసన కూడా పోతుంది. అయితే ఎండలో ఉంచితే ఒకటి రెండు వేసవుల్లో పొట్టుపొట్టుగా రాలి మట్టిలో కలిసిపోతాయి, ఆ ముక్కలను ఏరడం ఎవరి తరమూ కాదు. వాటిని నీడలోనే వాడండి. చేపల చెరువుల పాత వలలు మడికి దడిగా బాగుంటాయి గాని, నేలకు ఆనేలా కట్టవద్దు. పాములు చిక్కుకుని చస్తాయి, చావనివాటిని విడిపించడం ఇంకా కష్టం. జానెడు ఎత్తున కట్టి, కింద కొబ్బరి మట్టలు పాతండి.

విద్యుత్ సామాన్లలో నేను ధైర్యంగా తెచ్చేది సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే. తిరగకుండా గుయ్యిమంటున్నా, చేత్తో తోస్తేనే తిరుగుతున్నా చాలాసార్లు తప్పు కెపాసిటరు అనే చిన్న భాగానిది. వీధి చివరి కొట్టులో దొరికే 2.5 మైక్రోఫారడ్ కెపాసిటరు మెయిన్ ఆపి మార్పిస్తే మళ్ళీ తిరుగుతుంది. పాత పరుపులు, దిండ్లు మాత్రం ఎవరిచ్చినా వద్దు, నల్లులు ఒకసారి వస్తే వదలవు. పరుపు బదులు మీ ఇళ్ళలోని పాత నూలు చీరలూ పంచెలూ ఐదారు పొరలుగా పరిచి బొంత కుట్టించుకోండి. పాలియెస్టరు చీర పొరల్లో జారిపోతుంది కాబట్టి కలపకండి.

అడిగే తీరు గురించి. గుట్టలో ఉన్నా, గట్టున ఉన్నా, దేనికైనా ఒక సొంతదారు ఉంటాడు. అడగకుండా ముట్టుకోకండి. ‘మీకు అక్కర్లేకపోతే నేను తీసుకెళ్ళవచ్చా, ఆ చోటు ఊడ్చి పెడతాను’ అని అడిగితే నవ్వినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఊడ్చి పెట్టిన రెండోసారి వారే కబురు చేస్తారు. ఇంకొక నియమం నేను ఖచ్చితంగా పాటిస్తాను. సీసాలు, ఇనుము, అట్టలు, రాగి తీగ నేను ఏరను. అవి కాగితాలు ఏరుకునేవారి, పాత సామాన్లు కొనేవారి కూడు. జీతం వచ్చే మనం వారి నోటి దగ్గరిది లాక్కోవడం పొదుపు అనిపించుకోదు. ఎవరూ కొననిదీ, ఎవరో ఒకరు తగలబెట్టేదీ మనది. చనిపోయినవారి మంచం, బట్టలు ఇస్తామన్నప్పుడు మీ ఇంట్లో పెద్దవారిని అడిగి ఒప్పుకోండి. ఇంట్లో ఒక మనిషికి మనసొప్పని వస్తువు వాడకంలోకి రాదు.

మీ శ్రీమతి భయానికి మేము కనిపెట్టిన మందు ఒకటుంది. పెరటి మూలన ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు చోటు గీసి, పైన తాటాకు చూరు దించి, తెచ్చినదేదైనా అక్కడే పెట్టాలని మా ఆవిడ షరతు పెట్టింది. ప్రతి వస్తువు మీదా తెచ్చిన నెల సుద్దముక్కతో రాస్తాము. ఆరు నెలలు దాటినా చేతిలోకి రానిది ఉగాదికో దసరాకో ఇంకొకరికి ఇచ్చేస్తాము. ఆ చోటు నిండితే కొత్తది రాదు. ఈ పద్ధతి పెట్టుకున్నాక మా ఇంట్లో ఈ విషయమై మాటామాటా రాలేదు.

ఇప్పుడు మీరు మొదలుపెట్టవలసినది డొక్కలతో. మీ ఇంటికి దగ్గరలోని కొబ్బరి తోటలో దింపు ఎప్పుడో యజమానిని అడిగి తెలుసుకోండి, కందకం ముందే తవ్వి ఉంచండి. కాయ వలిచిన రోజు సాయంత్రం వెళితే డొక్కలు ఇంకా పచ్చిగా, బరువుగా ఉంటాయి. వారం ఆగి, తేలికపడ్డాక సైకిలు మీద తెచ్చుకోండి.